మైనస్ నలభై

మైనస్ నలభై అంటే ఎంత చలో అతనికి తెలియదు. అలాంటి చోట ఉమ్మేస్తే నేలను తాకేలోపు గడ్డకట్టి టప్పున పడుతుందని ఒకప్పుడు ఎవరో లారీ డ్రైవర్ చెబితే, నీ కోతలకేం గాని ముందు బ్యాటరీలో నీళ్లు పోయించుకో అని నవ్వేశాడు. ఇప్పుడు సొంత కారే ఆ కోత కోస్తోంది. డ్యాష్‌బోర్డు మీద గడియారం పక్కన, బయట వేడి ఎంత ఉందో చూపించే చోట, మైనస్ నలభై అని వెలుగుతోంది, సిగ్గూ ఎగ్గూ లేకుండా. బయటేమో ఎండ మండిపోతోంది, ఇందాక దారిలో స్టీరింగు పట్టుకోవడానికి చేతిరుమాలు అడ్డం పెట్టుకోవలసి వచ్చింది. ఆస్పత్రి కింద, నేలకు దిగువన, బళ్లు పెట్టుకునే ఈ మసక అంతస్తులో మాత్రం కాస్త నయం, గోడలు చెమ్మగా ఉన్నాయి, ఎక్కడో పైపు నుంచి నీటిచుక్క పడుతోంది. మూడయింది. నాలుగు లోపల తేలిపోవాలి. నాలుగో అంతస్తులో కూతురు సంచీ సర్దుకుంటూ ఉంటుంది, అల్లుడు కాగితాల మీద సంతకాల కోసం ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి తిరుగుతూ ఉంటాడు, యాభై మూడు రోజుల మనవరాలు, ఏడో నెలలోనే తొందరపడి వచ్చేసి ఇప్పటికి కేజీ ఎనిమిది వందల గ్రాములకు ఎదిగిన మనిషి, మొదటిసారి గాజు తలుపుల ఇవతలికి రాబోతోంది. డాక్టరమ్మ పొద్దున చెప్పిన మాట చెవిలోనే ఉంది: "ముప్పావుగంట దారంటున్నారు. బండిలో ఉడుకు ఉండకూడదు. పదిమంది ఎక్కి దిగే బండి అసలే వద్దు. మీ బండి సరిగ్గా చల్లబడితే తీసుకెళ్లండి, లేకపోతే ఇంకో వారం ఉంచుదాం." ఇంకో వారం అనగానే కూతురి మొహం ఎలా అయిందో అతను చూశాడు. చూసి, నా బండి ఉండగా మీకేం భయం అన్నాడు. అన్నాడు గాని, మధ్యాహ్నం బండి తీసుకుని వచ్చేటప్పుడు ఏసీ నొక్కితే ఇటుకబట్టీ ముందు నిలబడ్డట్టు వేడిగాలి వచ్చింది.

బళ్ల కరెంటు పనులు చేసే షెడ్డులో అందరూ అతన్ని మీటరయ్య అంటారు. మెడలో కరెంటు కొలిచే మీటరు వేలాడకుండా అతన్ని చూసినవాళ్లు లేరు, పెళ్లిలో కూడా జేబులో పెట్టుకున్నాడని భార్య ఇప్పటికీ దెప్పుతుంది. ముప్పై ఎనిమిదేళ్లుగా ఊరందరి బళ్లలోనూ తెగిన తీగలు వెతికి పెట్టిన మనిషి, సొంత బండిలో నెల రోజులుగా ఒక అంకె అబద్ధం చెబుతుంటే చూసుకోలేదు. ఎలా చూస్తాడు, కిటికీలు దించుకుని పోయే రకం, గాలి ఊరికే వస్తుంటే మిషను గాలెందుకంటాడు. పోయిన వారం ఈ రోజు కోసమనే ఏసీ వేసి చూస్తే చల్లబడలేదు, గ్యాసు అయిపోయిందనుకుని నింపించాడు. ఎవరైనా కుర్ర మెకానిక్ ఇలా చూడకుండానే గ్యాసు నింపితే, మనిషికి దగ్గొస్తే చెప్పులు మార్చినట్టుందిరా అని నలుగురిలో కడిగిపారేసేవాడు. అసలు సంగతి ఇందాక సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కంటబడింది. గ్యాసు బాగానే ఉంది, కంప్రెసర్ బాగానే ఉంది, బండికి మాత్రం బయట మంచు కురుస్తోందన్న నమ్మకం ఉంది. ఇంత చలిలో చల్లగాలి అడిగే వెర్రివాడెవడు అని అది కంప్రెసర్‌ని కట్టేసి కూర్చుంది. దాని తప్పేం లేదు పాపం, దానికి అందిన కబురును బట్టి అది చేస్తున్నది మంచిపనే. ఇలా అనుకుంటూ ముందు బంపర్ పైన క్లిప్పులు ఒక్కొక్కటే ఊడదీసి, గ్రిల్ వెనకాలకి మోచేతి దాకా చెయ్యి పెట్టి, బయటి వేడిని పసిగట్టే సెన్సర్ కోసం తడుముతుంటే, బళ్లకు చీట్లు రాసే వాచ్‌మన్ వచ్చి నిలబడ్డాడు. "ఏంటి పెద్దాయనా, ఇక్కడే షెడ్డు పెట్టేశారా?" అన్నాడు. సంగతి చెబితే వంగి డ్యాష్‌బోర్డు చూసి, "మైనస్ నలభయ్యా? మరి నాకు చెమటలెందుకు పడుతున్నాయండీ?" అన్నాడు. "నీ సెన్సర్ బాగుంది కాబట్టి" అన్నాడు మీటరయ్య. వాచ్‌మన్ అది పొగడ్తే అనుకున్నాడు, ఒక ప్లాస్టిక్ స్టూలు తెచ్చి ఇచ్చాడు.

వేళ్లకు దొరికింది. చూపుడువేలంత నల్లటి ప్లాస్టిక్ ముక్క, వెనక రెండు తీగలు, కొసన ఆవగింజంత పూస. మెల్లగా ప్లగ్గు లాగి బయటికి తీశాడు. తీయగానే ఒకసారి లోపలికి వంగి చూశాడు, అంకె మారలేదు, అదే మైనస్ నలభై. అంటే తీసినా ఒకటే ఉంచినా ఒకటే, ఈ పూస చెప్పేది బండి ఇన్నాళ్లుగా వినడమే లేదు. పూస పోయిందా, దారిలో తీగ తెగిందా, తేల్చుకోవలసింది అదొక్కటే. వేడి దిగాలని సెన్సర్‌ని స్టూలు మీద పెట్టి, నేల మీద గొంతుక్కూర్చుని దానికేసి చూశాడు. ఇన్ని వందలు మార్చాడు, ఒక్కసారైనా ఊరికే చూశాడా అని. ఎంతుందని ఇది. దీనికి కన్ను లేదు, చెవి లేదు, తిండి లేదు. వేడెక్కితే కాస్త వదులవుతుంది, చల్లబడితే కాస్త బిగుసుకుంటుంది, తనలోంచి పోయే కరెంటుకు దారి అంత మేర ఇస్తుంది, అంతే దాని బతుకు. అయినా ఎండ ఎక్కడం, వాన పడడం, మబ్బు పట్టడం, కొండ ఎక్కిన కొద్దీ గాలి పలచబడి చల్లబడడం, ఇంత పెద్ద ఆకాశం చేసే పనులన్నీ ఈ గింజ లోపలికి వచ్చి పోతున్నాయి. బంపర్ వెనక బురదలో, రాళ్లదెబ్బలు తింటూ, ఎవరూ అడక్కపోయినా క్షణం క్షణం ఇది ఆకాశాన్ని చెబుతూనే ఉంది. పిల్ల పుట్టిన కొత్తలో పైన, ఆ గాజు గదిలో, ఇదే పూసను చూసి గుర్తుపట్టినప్పుడు ఒళ్లు ఝల్లుమంది. మనవరాలి పొట్ట మీద, అరచెయ్యంత కూడా లేని ఆ పొట్ట మీద, వెండిరంగు కాగితంతో అంటించి, సన్నటి తీగ. అది పిల్ల ఒంటి వేడిని పైనున్న హీటరుకు చెబుతుంది, తగ్గితే హీటరు ఎక్కువ వెచ్చబడుతుంది, పెరిగితే తగ్గుతుంది. తల్లి కడుపు చేయవలసిన పని. "సిస్టరమ్మా, ఇది మా కార్లలో బంపర్ వెనకాల ఉండేదేనమ్మా" అన్నాడు. నర్సు నవ్వి, "అయితే మీ వాళ్లే చూసుకుంటున్నారన్న మాట తాతగారూ" అంది. ఆ మాటకు అతనికి ఎంత ధైర్యం వచ్చిందో ఆమెకు తెలియదు. ఆ రోజు నుంచి షెడ్డులో ఎవరైనా పాత సెన్సర్ చెత్తలోకి విసిరేస్తే మనసు చివుక్కుమంటోంది.

ముప్పై ఆరున్నర. ఆ అంకె అతనికి కంఠతా వచ్చు. యాభై మూడు రోజులూ గాజు ఇవతల నిలబడి పిల్లను చూసినదాని కంటే ఆ అంకెను చూసిందే ఎక్కువ. పిల్ల మొహం చూడాలంటే భయం, అంకెతో ఏ భయమూ లేదు, అంకెలతోనే కదా అతని కాపురం. పదకొండో రోజున అది ముప్పై అయిదు అయింది, ముప్పై నాలుగైంది, గంట మోగింది, కూతురు నోరు నొక్కుకుంది. అతను గాజు మీద దబదబ కొట్టి, "పిల్లకేం కాలేదమ్మా, పూస ఊడింది, పూస చూడండి" అని అరిచాడు. నిజంగానే ఊడింది. పిల్ల హాయిగా నిద్రపోతోంది, కాగితం చెమ్మగిల్లి పూస పక్కకు జారి గాలిని చెబుతోంది. నర్సు అంటించగానే అంకె తిరిగి పైకెక్కింది. అందరూ అతన్ని మెచ్చుకున్నారు, అల్లుడైతే మావయ్య లేకపోతే ఏమయ్యేదో అని ఫోన్లో వాళ్లవాళ్లందరికీ చెప్పాడు. కానీ ఇరవయ్యో రోజున ఆ నర్సే వచ్చి, "తాతగారూ, మీ అమ్మాయికి జ్వరంగా ఉంది, అమ్మమ్మగారు రాలేదు, అల్లుడుగారు డ్యూటీకి వెళ్లారు. పాపను కాసేపు మీ గుండెల మీద పడుకోబెట్టుకోండి. చొక్కా విప్పి, ఒంటికి ఒళ్లు తగలాలి, ఏ మిషనూ దానికి సాటి రాదు" అంటే, ఈ మెచ్చుకోళ్ల మనిషి రెండడుగులు వెనక్కి వేశాడు. "గ్రీజు చేతులమ్మా" అన్నాడు. "సబ్బుంది, నీళ్లున్నాయి" అంది నర్సు. "చల్లటి చేతులమ్మా" అన్నాడు. ఆమెకు అర్థం కాలేదు. టీ తాగొస్తానని కిందికి దిగినవాడు సాయంత్రం దాకా పైకి పోలేదు. అరవయ్యేళ్ల మనిషి, రెండున్నర టన్నులు మోసే జాకీని ఒంటిచేత్తో ఎత్తే మనిషి, అప్పటికి కేజీ కూడా లేని పిల్లకు భయపడి ఈ అంతస్తులోనే, ఇదే కారులో కూర్చుని కిటికీ అద్దం ఎక్కించుకున్నాడు.

చల్లటి చేతులు. ముప్పై నాలుగేళ్ల కిందట ముసురు పట్టిన మధ్యాహ్నం అది. కూతురి కంటే ముందు ఒకడు పుట్టాడు, వాడూ ఏడో నెలలోనే. కాన్పు చేసిన నర్సు వాణ్ని మెత్తటి గుడ్డలో చుట్టి, పెద్దాస్పత్రిలో గాజుపెట్టె ఉంది, అక్కడి దాకా వెచ్చగా పట్టుకెళ్లగలిగితే బతుకుతాడు అంది. వెచ్చగా అన్న మాటను రెండుసార్లు చెప్పింది. అప్పట్లో అతను పనిచేసే లారీల యార్డు యజమాని లారీ ఇచ్చాడు, డ్రైవర్నీ ఇచ్చాడు, లారీ మాత్రం స్టార్టవలేదు. బ్యాటరీ తీగ వదులైంది. ఎవరు బిగిస్తారు, ఎలక్ట్రీషియన్ అతనే. పిల్లాణ్ని భార్య పక్కన పెట్టి, వానలో నిలబడి, పది నిమిషాలు, వేళ్లు కొంకర్లు పోయేదాకా తీగ బిగించాడు. బండి లేచింది. పరుగున వచ్చి చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు, చొక్కా కూడా తడిసే ఉంది. ఆ చేతులతోనే ఎత్తుకున్నాడు. భార్య మంచం మీంచి లేవలేక చూస్తూ ఉండిపోయింది. దారంతా రెండు అరచేతుల మధ్య, పావురాన్ని పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చుంటే, వైపర్ ఇటూ అటూ కొట్టుకుంటుంటే, వాడు మెల్లమెల్లగా చల్లబడడం అతనికి తెలుస్తూనే ఉంది. డ్రైవరు ఏదో మాట్లాడుతూనే ఉన్నాడు, ఇంకెంతో లేదు, అదిగో వంతెన, అదిగో వంతెన అని. వంతెన దాటక ముందే అయిపోయింది. వాడిలో ఉన్న కాస్త వేడినీ తన చేతులే లాగేసుకున్నాయని అతనికి ఆ క్షణాన తెలిసిపోయింది, తెలిసిపోయిందనే అనుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. భార్యకు చెప్పలేదు. ఆ తర్వాత కూతురు నెలలు నిండి, బొద్దుగా పుట్టి, ఊరు అదిరేలా ఏడ్చినప్పుడు కూడా మూడు నెలలు ఎత్తుకోలేదు, మగవాళ్లు అంతేలే అని అత్తగారు సర్దిచెప్పింది. భార్య ఏమీ అనలేదు. ఒకసారి మాత్రం, మొన్న, ఈ ఆస్పత్రి మెట్ల మీద, "దాన్ని ఎత్తుకోరేమండీ?" అంది. "గ్రీజు" అన్నాడు. ఆమె అతని చేతులకేసి చాలాసేపు చూసింది, పరిశుభ్రంగా ఉన్నాయవి. చూసి, టిఫిను డబ్బా సంచీలో పెట్టుకుని దిగిపోయింది.

పైపు చుక్క పడుతూనే ఉంది. మూడుంపావు. పని, పని చూసుకో అనుకున్నాడు. సెన్సర్ చల్లబడింది. మీటరు ముళ్లు రెండూ దాని రెండు కాళ్లకు తగిలించాడు. ఎనిమిది వేల ఓములు చూపించింది, కరెంటుకు పూస పెట్టే అడ్డు అంత. ఈ రకం బళ్లకు పట్టిక అతనికి నోటికే వచ్చు, ఇరవై అయిదు డిగ్రీలకు పది వేలు, ముప్పైకి ఎనిమిది, ముప్పై అయిదుకు ఆరున్నర, వేడి పెరిగిన కొద్దీ అంకె దిగుతుంది. ముప్పై డిగ్రీలు, ఈ అంతస్తుకు సరిపోయింది. ఇక పూస ప్రాణంతో ఉందో లేదో చూడడానికి షెడ్డుల్లో అందరూ చేసేదే, గుప్పిట్లో పట్టుకోవడం. వేడినీళ్లు అక్కర్లేదు, హీటరు అక్కర్లేదు, మనిషి గుప్పిట చాలు. కొన్ని వేలసార్లు చేశాడు, ఎదుటివాడితో ఏదో మాట్లాడుతూ, బీడీ కాల్చుకుంటూ. ఇప్పుడూ అలాగే కొసను గుప్పిట్లో మూశాడు. ఏడు వేల తొమ్మిది వందలు. ఏడు వేల ఆరు వందలు. ఏడు వేల రెండు. ఆగకుండా దిగుతోంది, మెట్లు దిగినట్టు, ఆరు వేల తొమ్మిది, ఆరు వేల ఏడు, ఆరున్నర దగ్గర నిలబడింది. పూస బాగుంది అనుకున్నాడు అలవాటుగా. అనుకుని గుప్పిట తెరవబోయి ఆగిపోయాడు. ఆరున్నర వేలు అంటే ముప్పై అయిదు డిగ్రీలు. ఎవరిది ముప్పై అయిదు? పూసకు సొంతంగా వేడి ఎక్కడిది, అది ఎవరింట్లో ఉంటే వాళ్ల సంగతే చెబుతుంది. అది చెబుతున్నది ఈ చెయ్యి గురించి. ముప్పై ఎనిమిదేళ్లుగా కొన్ని వేలసార్లు ఈ మీటరు ఈ అంకె చూపిస్తూనే ఉంది, తనేమో సెన్సర్ బాగుంది, సెన్సర్ బాగుంది అని పక్కన పెట్టేస్తున్నాడు. అబద్ధమేమోనని ఎడమచేత్తో పట్టుకున్నాడు, ఆరు వేల ఆరు. చుట్టూ చూసి, చొక్కా పైగుండీలు విప్పి పూసను గుండె మీద పెట్టుకున్నాడు. ఆరు వేల మూడు దాకా దిగింది, ముప్పై ఆరు. అలా నేల మీద కూర్చుని, మెడలో మీటరు, గుండె మీద కారు ముక్క, కదిలితే అంకె ఎక్కడ చెదిరిపోతుందోనని ఊపిరి బిగబట్టి చూస్తూ ఉండిపోయాడు. ఏం అద్భుతం ఇది, ఎవరు రగిలించారు దీన్ని, ఏ కట్టెలు వేసి, నిద్రపోతున్నా పోట్లాడుతున్నా తన పాటికి తను పనికిమాలినవాణ్నని ఏడుస్తున్నా, అరవయ్యేళ్లుగా ఒక్క పూటైనా ఆరకుండా. ఆ రోజు వానలో కూడా ఇది ఉంది. పైన తోలు చల్లబడింది, వేళ్లు కొంకర్లు పోయాయి, అడుగున ఇది ఉంది. ఉన్నదంతా వాడికి ఇచ్చాడు. వాడు పోయింది ఈ చేతుల్లో వేడి లేక కాదు, చాలక. ఆ రెండింటికీ మధ్య ఉన్న దూరం ముప్పై నాలుగేళ్లు. "గుండె చూసుకుంటున్నారా పెద్దాయనా? దానికి పైన డాక్టర్లున్నారు కదా" అన్నాడు వాచ్‌మన్ దూరం నుంచి. మీటరయ్య మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

మీటరు ముళ్లు తీసి ప్లగ్గువైపు పెట్టాడు. బండి నుంచి ఈ ప్లగ్గుకు అయిదు వోల్టులు రావాలి, సున్నా. తీగముక్కతో ప్లగ్గు రెండు కాళ్లనూ కలిపి లోపల చూశాడు, తీగ బాగుంటే అంకె ఒక్కసారిగా మండిపోయి పైకెగరాలి, ఎగరలేదు. అయితే దారిలోనే తెగింది. తీగల కట్ట వెంబడి వేళ్లతో తడుముకుంటూ హెడ్‌లైటు వెనకాలకు వెళ్లేసరికి గట్టిగా, ఉబ్బుగా, నల్లటేపు చుట్టిన ముడి ఒకటి తగిలింది. తగలగానే తెలిసింది ఎవరి పనో. పోయిన ఏడాది వెనక్కి వచ్చిన ఆటో ఒకటి బంపర్‌ని కొడితే ఒక ఆదివారం కూర్చుని తనే బాగుచేసుకున్నాడు, తెగిన తీగను మెలిపెట్టి, టేపు చుట్టి, సోల్డరింగ్ రేపు చేద్దాంలే అని. టేపు విప్పితే రాగి పచ్చగా చిలుమెక్కి, పొడిలా రాలింది. మెలిపెట్టి వదిలేయడమంటే అతనికి ఒళ్లు మంట, అలాంటి ముడి ఎక్కడ కనిపించినా ఎవడ్రా ఇది చేసింది అని షెడ్డంతా వినిపించేలా అరుస్తాడు. ఇప్పుడు అరవడానికి ఎవరూ లేరు. ఫోను మోగింది. "నాన్నా, ఇంకో పావుగంటలో దిగుతాం" అంది కూతురు. మళ్లీ, "బండి కుదరకపోతే చెప్పు నాన్నా. నేనేం అనుకోను" అంది. "కుదురుతుందమ్మా" అన్నాడు. నేనేం అనుకోను. పోయిన వారం కూడా ఇదే గొంతుతో, "నీకు దాని మీద ప్రేమ లేకపోతే లేదు నాన్నా, రోజూ ఇంత దూరం ఎందుకు శ్రమపడి రావడం" అంది. అప్పుడతను మీటరు తీగలు చుట్టుకుంటూ నిలబడ్డాడు, ఆమె అటు తిరిగిపోయింది. తీగ తెగితే బండికి ఏమీ వినపడదు, ఏమీ వినపడకపోతే అది ఊరుకోదు, బయట చలి అనుకుంటుంది, ఉన్నవాటిలోకెల్లా పెద్ద చలి. కూతురిదీ అదే లెక్క, ఆ లెక్కలో తప్పేం లేదు. చెప్పవలసినవాడు చెప్పకపోతే ఎవరైనా ఏమనుకుంటారు.

బ్యాటరీ మీద నడిచే చిన్న సోల్డరింగ్ ఐరన్ పెట్టెలోంచి తీశాడు. చిలుమెక్కిన చోటు కత్తిరించి, మెరిసే రాగి వచ్చేదాకా వెనక్కి గీకి, కొత్త తీగముక్క మధ్యలో వేసి రెండువైపులా అతికాడు. సీసం కరిగి, ఒక్క క్షణం అద్దంలా మెరిసి, రాగిలోకి ఇంకిపోయింది. అతుకుల మీదికి వేడికి ముడుచుకునే ప్లాస్టిక్ గొట్టం జరిపి, కాస్త వేడి చూపించి బిగించాడు. సెన్సర్‌ని దాని చోట కూర్చోబెట్టి, ప్లగ్గు టక్కుమనేదాకా నొక్కి, సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. అంకె ముందు అలాగే ఉంది. ఇంకోచోట కూడా తెగిందా అనుకున్నాడు. తర్వాత మైనస్ పోయింది, నలభై పోయింది, ఖాళీ అయింది, ముప్పై రెండు అని వచ్చింది. ముప్పై రెండు, అంతే, మామూలు అంకె, రోజూ వందమంది చూసీ చూడకుండా పోయే అంకె. ఏసీ నొక్కాడు. బోనెట్ కింద కంప్రెసర్ టిక్కుమని అందుకుంది, జాలీలోంచి ముందు వేడిగా, తర్వాత గోరువెచ్చగా, తర్వాత చల్లగా, గాలి మొహానికి తగిలింది. వాచ్‌మన్ కిటికీలోంచి చెయ్యి లోపలికి పెట్టి, "వచ్చేసింది" అన్నాడు, తనే బాగుచేసినట్టు. బంపర్ క్లిప్పులు బిగించి, పనిముట్లు సర్ది, నీళ్ల సీసా వంచి వాచ్‌మన్ గదిలోని సబ్బుతో మోచేతుల దాకా రెండుసార్లు రుద్దుకున్నాడు.

లిఫ్టు తెరుచుకుంది. ముందు అల్లుడు రెండు సంచులతో, వెనక కూతురు, ఆమె చేతుల్లో తెల్లటి మూట. కూతురు నేల మీద గుంటలున్నాయేమో అన్నట్టు అడుగులో అడుగేసుకుంటూ వచ్చింది. కారు తలుపు తెరవగానే చల్లగాలి తగిలి ఆమె భుజాలు దిగాయి. "హమ్మయ్య" అంది, అతని వైపు చూడకుండానే. వెనక సీట్లో కూర్చోబోతుంటే అతను తాళాలు అల్లుడికి ఇచ్చాడు. పదకొండేళ్లలో ఆ బండిని ఇంకెవరూ నడపలేదు, అల్లుడు తాళాలను తేలును పట్టుకున్నట్టు పట్టుకుని, "నేనా మావయ్యా?" అన్నాడు. "మెల్లగా పోనియ్యి. గుంతల్లో దింపకు" అన్నాడు. అటువైపు తలుపు తీసుకుని కూతురి పక్కన కూర్చున్నాడు. కూర్చుని, చొక్కా గుండీలు ఒక్కొక్కటే కిందిదాకా విప్పాడు. "ఇలా ఇవ్వమ్మా" అన్నాడు.

కూతురు అర్థంకానట్టు చూసింది. అతని మొహం చూసింది, చేతులు చూసింది. గ్రీజు మాట ఆమెకు నోటిదాకా వచ్చిందేమో గాని అనలేదు. మూట విప్పి, తలకూ మెడకూ చెయ్యి ఆనించి, "ఇలా పట్టుకో నాన్నా, ఇక్కడ, ఇలా" అంటూ అతని గుండెల మీద బోర్లా పడుకోబెట్టి పైన దుప్పటి కప్పింది. బరువే లేదు. ఊపిరి మాత్రం ఉంది, తడిగా, చిన్నగా, వెంట్రుకల్లోంచి. రెండు అరచేతులూ ఆ వీపు మీద ఆనించాడు, ఒక అరచెయ్యే వీపంతా పట్టేసింది, రెండోది దాని మీద పెట్టాడు. లోపల ఏదో కొట్టుకుంటోంది, తనదో దానిదో తెలియలేదు. "మీ అన్న" అన్నాడు. "నీకంటే ముందు పుట్టినవాడు. వాణ్ని నేనే పట్టుకుని ఉన్నానమ్మా. నా చేతులు తడిగా ఉన్నాయి ఆ రోజు. మీ అమ్మకు కూడా చెప్పలేదు." అల్లుడు బండి తియ్యకుండా అద్దంలోకి చూసి చూపు తిప్పుకున్నాడు. కూతురు జరిగి వచ్చి, దుప్పటి కింద అతని చేతుల మీద తన చెయ్యి పెట్టింది. బండి కదిలింది, ర్యాంపు ఎక్కింది, ఎండ ఒక్కసారిగా కార్లోకి పడింది, పిల్ల మొహం చిట్లించి, తల అటూ ఇటూ తిప్పి, నోరు తెరిచి అతని గుండె మీద అక్కడా ఇక్కడా తడుముకోవడం మొదలుపెట్టింది. పాల కోసం.

"నా దగ్గరేం లేదే తల్లీ" అన్నాడు మీటరయ్య. మనవరాలితో అతను మాట్లాడిన మొదటి మాట అది. ఆమె నమ్మలేదు, వెతుకుతూనే ఉంది.